ఇంటిపట్టున ఉండి ఉంటే: చికిత్సాకాలం, యాత్ర, గాయం గురించి ఒక సంవాదం

శస్త్రచికిత్స ఒక్కటే ఆధారంగా ఉన్న రోజుల్లో క్యాన్సర్ చికిత్స అనేది జీవితంలో ఒక సంఘటన. ఇప్పుడది నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి సాగే ఒక కాలం. ఈ మార్పు మొదలైన చోట ఒక తెలుగువాడి కృషి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల, కణాల పెరుగుదలకు అవసరమైన ఫోలిక్ ఆమ్లానికి అడ్డుతగిలే అమినోప్టెరిన్ అనే మందును తయారుచేయగా, దానిని రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చి తాత్కాలికంగానైనా వ్యాధిని వెనక్కు నెట్టగలిగినట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు. ఆ తరువాతి దశాబ్దాల్లో రసాయన చికిత్స, అంటే కీమోథెరపీ, విడతలు విడతలుగా సాగే పద్ధతిగా స్థిరపడింది. దీనితోపాటే పాత నీతిగ్రంథాలకు ఎదురుకాని ప్రశ్న ఒకటి పుట్టింది: చికిత్స సాగే కాలాన్ని జీవితంలో భాగంగా లెక్కించాలా, లేక జీవితాన్ని పక్కనపెట్టి వేచి ఉండే వ్యవధిగా లెక్కించాలా?

ప్రశ్న గంభీరంగా కనిపించినా, కుటుంబాల్లో అది చాలా మామూలు రూపంలోనే ఎదురవుతుంది: పిల్లలకు సెలవులు వచ్చాయి, నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్లిరావచ్చునా? ఒక మోతాదు ఎక్కించి, శరీరం తేరుకోవడానికి వ్యవధి ఇచ్చి, మళ్లీ మోతాదు ఎక్కించడాన్ని వైద్యులూ రోగులూ కూడా సైకిల్ అనే అంటారు. మూడు వారాల సైకిల్‌లో సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు, ఇన్‌ఫెక్షన్‌ను మొదట ఎదుర్కొనే తెల్లరక్తకణాలైన న్యూట్రోఫిల్స్ సంఖ్య అట్టడుగుకు పడిపోతుంది. అప్పుడు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, దాటితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి చేరవలసిందే. మూడో వారంలో కణాల సంఖ్యతోపాటు ఆకలీ ఓపికా కొంత తిరిగి వస్తాయి కనుక, పెళ్లికైనా, గుడికైనా, సముద్రానికైనా కుటుంబాలు సాధారణంగా ఆ వారాన్నే ఎంచుకుంటాయి.

విచారణ కోసం ఇక్కడ ఊహించిన పరిస్థితి అటువంటి ఒక మూడో వారానికి సంబంధించినది. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు పారే తెనాలిలో తర్కశాస్త్రం బోధించి విరమించిన ఒక ఉపాధ్యాయురాలు రొమ్ము క్యాన్సర్‌కు పాక్లిటాక్సెల్ అనే మందు తీసుకుంటున్నది. బాపట్లలో 1945లో ఏర్పడిన వ్యవసాయ కళాశాలలో చదువుకొని, పంటల పరిశోధనలో ఉన్న ఆమె తమ్ముడు రెండు కుటుంబాలకూ కలిపి యాత్ర ఏర్పాటు చేశాడు. తెనాలి నుంచి రేపల్లె రైలులో బయలుదేరి, దారిలో భట్టిప్రోలు స్తూపం చూసి, రేపల్లెలో బంధువుల ఇంట ఒక రాత్రి ఉండి, అక్కడినుంచి 216వ జాతీయ రహదారి మీదుగా బాపట్లకూ, ఊరికి సుమారు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక తీరానికీ చేరడం వారి ఆలోచన. సూర్యలంకలో ఆమె చెప్పులు విడిచి తడి ఇసుకలో నడుస్తుండగా పగిలిన ఆల్చిప్ప అరికాలిని లోతుగా కోసింది. ఆ సంగతి ఆమెకు తెలియలేదు. వెనక నడుస్తున్న పిల్లలు రక్తం చూసి కేకవేశారు.

తెలియకపోవడానికి కారణం ఆ మందే. నాడీతంతువు లోపల పోషకపదార్థాలను మోసుకుపోయే సన్నని గొట్టాల వంటి నిర్మాణాలను మైక్రోట్యూబ్యూల్స్ అంటారు. క్యాన్సర్ కణం విభజన చెందడానికి కూడా అవే కావాలి కనుక పాక్లిటాక్సెల్ వాటిని కదలనీయకుండా బిగించివేస్తుంది, ఆ బిగింపు నాడులకూ తగులుతుంది. వెన్ను నుంచి కాలివేళ్ల దాకా సాగే నాడులు శరీరంలో అన్నిటికన్నా పొడవైనవి కనుక దెబ్బ ముందుగా వాటి కొసలకు తగిలి, మేజోడు తొడిగిన మేరకు పాదం మొద్దుబారుతుంది. ఇక సముద్రపు నీరు తగిలిన గాయాన్ని, అందులోనూ రోగనిరోధకశక్తి తగ్గిన మనిషికైన గాయాన్ని, వైద్యులు తేలికగా తీసుకోరు. గోరువెచ్చని ఉప్పునీటిలో బతికే విబ్రియో జాతి సూక్ష్మజీవులు అటువంటి గాయాల ద్వారా రక్తంలోకి చేరగలవు. బాపట్లలో కుట్లు పడ్డాయి, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్, యాంటీబయాటిక్ ఇచ్చారు, యాత్ర మధ్యలోనే ఆగింది, గాయం మానేవరకు తరువాతి కీమోను వైద్యుడు ఒక వారం వెనక్కు జరిపాడు. తెనాలిలో పలకరించవచ్చిన బంధువులందరూ తలా ఒక విధంగా అన్న మాట ఒకటే: ఇంటిపట్టున ఉండి ఉంటే ఇది జరిగేదా?

సంవాదం ఆ మాట దగ్గర మొదలవుతుంది. న్యాయదర్శనం చర్చను మూడు విధాలుగా విభజించింది: సత్యం తేల్చుకోవడానికి ఇద్దరూ కలిసి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటి పక్షాన్ని కూల్చడానికి మాత్రమే చేసేది వితండ. ఓదార్పు కోసం చేసే చర్చకు ఆ శాస్త్రంలో పేరు లేదనీ, కనుక తమ్ముడు తనను ఓదార్చడం మాని వాదానికి కూర్చోవాలనీ అక్క ముందుగానే షరతు పెట్టింది.

"అయితే విను అక్కా," అన్నాడు తమ్ముడు. "ఇంటిపట్టున ఉండి ఉంటే అరికాలి కింద ఆల్చిప్ప ఎక్కడిది? ఈ ఒక్క వాక్యాన్ని ఏ తర్కం కాదంటుంది? యాత్ర తలపెట్టినవాడిదే తప్పు, చికిత్స ముగిసేదాకా మళ్లీ ఆ ఊసు ఉండకూడదు."

"ఆ వాక్యం నిజమేరా," అన్నది అక్క. "దాని నుంచి నువ్వు తీస్తున్న ఫలితమే నిలవదు."

ఆమె ఆశ్రయించింది ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పిన కారణ లక్షణాన్ని. కార్యానికి ముందు నియమంగా, అంటే తప్పకుండా, ఉండేదే కారణం. ముందు ఉన్నంత మాత్రాన ప్రతిదీ కారణం కాదు. కుండ పుట్టడానికి ముందు కుమ్మరి ఉన్నాడు, కుమ్మరి తండ్రీ ఉన్నాడు, మట్టి మోసిన గాడిదా ఉంది. అయినా తండ్రిని, గాడిదను కుండకు కారణమని తార్కికులు ఒప్పుకోరు, అవి లేకపోయినా కుండ పుట్టే దారులు ఉన్నాయి కనుక వాటిని అన్యథాసిద్ధాలని, అంటే కార్యానికి అక్కరలేకుండా పక్కన నిలిచినవని, విడిగా పెడతారు. మొద్దుబారిన అరికాలు పెరట్లో ముల్లు తొక్కినా కోసుకుపోతుంది, వంటింట్లో పగిలిన గాజుపెంకు తొక్కినా కోసుకుపోతుంది. అటువంటి గాయాలన్నిటికీ ముందు నియమంగా ఉండేవి రెండు, స్పర్శ లేని పాదం, దానికి రక్షణ లేకపోవడం. యాత్ర ఈ లెక్కలో మట్టి మోసిన గాడిద వంటిది. సూర్యలంక చేసిన తప్పేమీ లేదని, రేపల్లె రైలుకూ, పిల్లల సెలవులకూ కూడా ఆ నింద తగదని ఆమె తేల్చింది.

ఈ వాదం బలమైనదే గాని, చెప్పవలసినదంతా చెప్పలేదు. తమ్ముడు అది పట్టుకున్నాడు, అదీ తన వృత్తిలో నుంచి. రేపల్లె ప్రాంతపు రైతు కోసిన వరి పనల మీద ఉండగా తుఫాను వస్తే ఆ రైతును ఎవరూ తప్పుపట్టరు. అయితే తుఫాను హెచ్చరిక చెవిన పడిన తరువాత కూడా పనలను కుప్ప వేయకుండా వదిలేసినవాణ్ణి తప్పుపట్టక తప్పదు. దివిసీమను ముంచిన 1977 నవంబరు ఉప్పెన తరువాత ఈ తీరంలో హెచ్చరికకు ఉన్న విలువ ఎవరికీ వివరించనక్కరలేదు. కాబట్టి ఒక నిర్ణయాన్ని దాని ఫలితంతో కొలవకూడదనే మాట ఒప్పుకున్నా, నిర్ణయం తీసుకున్ననాడు తెలిసినదానితో, తెలుసుకోగలిగినదానితో కొలవవలసే ఉంటుంది. "పాదం మొద్దుబారుతున్నదని ఎవరికి తెలుసు?" అన్నది అతని ప్రశ్న.

తెలిసినది అక్కకే. అప్పటికి కొన్ని వారాలుగా చెప్పు జారిపోయినా తెలియడం లేదు, చీకట్లో అడుగు ఎక్కడ పడుతున్నదో తెలియడం లేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. వైద్యుడికి చెబితే మందు మోతాదు తగ్గిస్తాడని ఒక భయం, ఇంట్లో చెబితే ప్రయాణం మానిపిస్తారని రెండో భయం. మొదటి భయం నిరాధారం కాదు, నాడులు బాగా దెబ్బతింటున్నప్పుడు మోతాదు తగ్గించడమో మందు మార్చడమో వైద్యంలో మామూలే; కాని ఆ సంగతి తూచవలసినది వైద్యుడు, చెప్పనిదాన్ని ఆయన తూచలేడు.

ఈ చోట తమ్ముడికి కోపం రావడం సహజం, వచ్చింది కూడా. అయితే అక్క ఇచ్చిన సమాధానమే ఈ సంవాదం మొత్తానికి కీలకం. చికిత్స మొదలైన నాటినుంచి తాను చెప్పిన ప్రతి లక్షణానికీ ఇంటివారు ఒక నిషేధంతోనే సమాధానం చెప్పారని ఆమె గుర్తుచేసింది: నోరు పూసిందంటే పచ్చడి మానిపించారు, అలసటగా ఉందంటే పుస్తకాలు చదివించుకోవడానికి వచ్చే పిల్లలను రావద్దన్నారు, తల తిరిగిందంటే కాలువ గట్టు మీద సాయంత్రపు నడక ఆపించారు. వీటిలో కొన్ని అవసరమే. కాని నోరు విప్పిన ప్రతిసారీ జీవితంలో ఒక ముక్క తగ్గిపోతుంటే ఏ మనిషైనా చెప్పడం తగ్గించుకుంటుంది. నిషేధం వల్ల దాపరికం, దాపరికం వల్ల రక్షణ లేని పాదం, దానివల్ల గాయం. అన్నంభట్టు లక్షణం ప్రకారం నియతపూర్వవృత్తిని వెదకవలసినది ఈ వరుసలోనే. "ఇక మీదట ప్రయాణాలే వద్దు అంటున్నావు తమ్ముడూ, అది ఈ గొలుసుకు ఇంకో కొక్కెం తగిలించడమే," అన్నది ఆమె.

ఈ వ్యాసకర్త దృష్టిలో ఇది కేవలం వాదచమత్కారం కాదు. ఇల్లు రోగిని కాపాడుతున్నాననుకుంటూనే రోగి నుంచి వచ్చే సమాచారాన్ని పోగొట్టుకుంటుంది. కాపలా పెరిగినకొద్దీ ఏమి కాపాడాలో తెలియకుండా పోతుంది. మెత్తని అట్ట ఉన్న చెప్పులతో ఇసుకలో నడవడం, రోజూ రాత్రి అరికాళ్లు దీపం వెలుగులో చూసుకోవడం, దగ్గరి ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకోవడం, మందుల చీటీ వెంట ఉంచుకోవడం వంటి చిన్న ఏర్పాట్లన్నీ ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నాయి, ఆ మాట రోగి భయం లేకుండా చెప్పగలగాలి.

తమ్ముడు ఇంతదాకా ఒప్పుకున్నాడు, అయినా అతని బాధ తగ్గలేదు. భట్టిప్రోలులో అలెగ్జాండర్ రే 1892లో తవ్వించిన స్తూపంలో ధాతుపేటికలు బయటపడిన సంగతి పిల్లలకు చెబుతూ, బుద్ధుడు బోధించిన రెండు బాణాల ఉపమానం కూడా యాత్ర మొదటిరోజే అక్క వివరించింది: శరీరానికి తగిలే నొప్పి మొదటి బాణం, దాని గురించి మనసు పడే పరితాపం రెండో బాణం, వివేకి మొదటిదానితో ఆగుతాడు. ఇప్పుడు తమ్ముడు దానినే ఎదురు ప్రశ్నగా వేశాడు. అక్కకు మొదటి బాణం తగిలినట్టే తెలియలేదు, నాడులు చెప్పలేదు. అప్పుడు ఇల్లంతా అనుభవిస్తున్నది పూర్తిగా రెండో బాణమేనా, దాన్ని వివేకంతో తీసిపారేయవలసిందేనా?

ఇక్కడ అక్క బౌద్ధాన్ని వదిలి, బ్రిటిష్ తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ 1976లో చర్చకు పెట్టిన ఒక ఉదాహరణను ఎత్తుకున్నది. తన పొరపాటేమీ లేకుండానే లారీ కింద ఒక బిడ్డ పడితే, ఆ డ్రైవరు పడే బాధ పక్కన నిలబడి చూసినవాడి బాధ వంటిది కాదు. చేతులు తనవి కావడం వల్ల కలిగే ఆ ప్రత్యేకమైన బాధను విలియమ్స్ కర్త పడే పశ్చాత్తాపంగా గుర్తించాడు. అతనికి తప్పు లేదని చెప్పడం మన ధర్మమే. కాని ఆ మాట వినగానే బాధ దులుపుకొని లేచిపోయే డ్రైవరును చూస్తే మనకే ఏదో లోపం తోస్తుంది. కనుక తమ్ముడి బాధ అవివేకం కాదనీ, దాన్ని తీసివేయమని తాను అడగననీ అక్క చెప్పింది. అడిగేది ఒక్కటే: ఆ బాధ ఖరీదును రోగి చేత కట్టించకూడదు. తమ్ముడు తన మనశ్శాంతి కోసం ప్రయాణాలు రద్దు చేస్తే, పశ్చాత్తాపం అతనిదీ శిక్ష ఆమెదీ అవుతుంది.

తమ్ముడు వెంటనే ఆ నియమాన్ని ఆమెకే తిప్పికొట్టాడు, ఇందులో గెలుపు అతనిదే. బాపట్ల నుంచి తిరిగి వచ్చే దారిలో అక్క పిల్లలతో మూడుసార్లు అన్నది, తన వల్ల మీ సెలవులు పాడయ్యాయని. యాత్ర గాయానికి కారణం కానట్లే, సెలవులు పాడవడానికి రోగి కూడా కారణం కాదు. పాదం మొద్దుబారడం ఆమె ఎంచుకున్నది కాదు. ఆమె బాధ్యత ఉన్నది చెప్పకపోవడంలో, క్షమాపణ అక్కరకు వచ్చేదీ అక్కడే, అది తమ్ముడికీ వైద్యుడికీ చెందవలసినది. పిల్లలకు చెప్పిన క్షమాపణ వల్ల వారు నేర్చుకున్నదేమిటంటే, జబ్బుపడినవారు ఇంటికి ఏదో బాకీ ఉంటారని. "ఆ పాఠం వాళ్లకు నేర్పకు అక్కా," అన్నాడతను. అక్క కొంతసేపు ఆలోచించి ఒప్పుకున్నది. పిల్లలకు మొద్దుబారడం అంటే ఏమిటో, నాడులు ఎందుకు అలా అవుతాయో చెబుతాననీ, క్షమాపణ వెనక్కు తీసుకుంటాననీ మాట ఇచ్చింది.

మిగిలిన ప్రశ్న అతి కష్టమైనది, తమ్ముడు దాన్ని చివరిదాకా దాచుకున్నాడు. జ్వరం వచ్చి ఉంటే, ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి ఉంటే, వారం కాక నెలలు చికిత్స ఆగి ఉంటే, ఇదే వాదం ఇంత నిలకడగా సాగేదా? గాయం మానుతున్నది కనుకనే ఈ తర్కం పనికివస్తున్నదేమో. అక్క దీన్ని తోసిపుచ్చలేదు. బయలుదేరిన నాటి నిర్ణయం మీద తీర్పు అప్పుడూ ఇదే అయి ఉండేదనీ, చెప్పవలసింది చెప్పకపోవడం అప్పుడూ ఇప్పుడూ ఒకే తప్పు అనీ ఆమె నిలబడింది. కాని అటువంటి స్థితిలో ఈ మాటలు వినమని తమ్ముణ్ణి అడిగే హక్కు ఎవరికీ ఉండేది కాదని కూడా ఒప్పుకున్నది. తమ్ముడికి ఇది చాలలేదు. తర్కం నిలిచి, దానితో మనిషిని నిలబెట్టలేని చోటు ఒకటి ఉందంటే ఆ చోటుకు శాస్త్రం ఏమి చెబుతుందని అతను మళ్లీ అడిగాడు, దానికి అన్నంభట్టు దగ్గర గాని విలియమ్స్ దగ్గర గాని ఆమెకు సమాధానం దొరకలేదు. తరువాతి కీమోకు ముందు పాదాల సంగతి వైద్యుడికి తానే చెప్పాలనీ, ఆ సమయంలో తమ్ముడు పక్కన ఉన్నా మధ్యలో మాట్లాడకూడదనీ మాత్రం ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు.