కర్ర పట్టిన చెయ్యి

మన దండారీలో గుస్సాడీ వేషం కట్టినవాడు మామూలు మనిషి కాడని పెద్దలంటారు. నెమలి ఈకల టోపీ తలకెక్కితే అతనిలో ఏత్మాసూర్ పేన్ ఉన్నట్టే. దీక్ష ముగిసేదాకా స్నానం లేదు, మంచం లేదు. ఒంటికి బూడిద, చేతిలో కర్ర. ఆ కర్ర తాకితే జబ్బు నయమవుతుందని జనం నమ్మకం.

కొన్నేళ్ళ కింద దీపావళికి నేనూ దీక్ష పట్టాను. నిద్రలేమి, కాళ్ళనొప్పులు రెండు రోజుల్లో అలవాటయ్యాయి. అసలు బాధ మూడో రోజు మొదలైంది. ఒక తల్లి నా కాళ్ళకు మొక్కి, కొడుకుకు చదువు రావాలని దీవించమంది. వాడు మా బడిలో రెండో తరగతి. వారం కిందట నీళ్ళ బొమ్మ చూపిస్తే 'ఏర్' అన్నాడు. తెలుగులో చెప్పలేదని అరచేతి మీద కొట్టాను. ఇప్పుడు అదే చేత్తో కర్ర పట్టుకుని దీవించాలి. వాడు నన్ను గుర్తుపట్టాడో లేదో గానీ, కర్ర చూడగానే చేతులు వెనక్కి దాచుకున్నాడు.

ఆ రాత్రి నేల మీద పడుకుని నన్ను నేను చూసుకున్నాను. 'ఏర్' మా అమ్మ నేర్పిన మాట. చిన్నప్పుడు ఆ మాటకే నేనూ దెబ్బ తిన్నాను. ఆ సిగ్గునే వాడి మీద దించాను. 1940లలోనే మర్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారని, గోండిలో వాచకాలు వచ్చాయని తోటివారికి చెప్పేవాణ్ణి నేనే. తెలియక కొట్టలేదు. నన్ను నేను చూసుకోక కొట్టాను.

తర్వాత రెండు రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. మెల్లగా ఒకటి అర్థమైంది. ఆ ఏడుపులోనూ 'నేను' తప్ప పిల్లవాడు లేడు. ప్రేమ లేకుండా తనను తాను చూసుకోవడం పుండు గోక్కోవడమే. తనను చూసుకోని ప్రేమకేమో, తన చేతి దెబ్బ కనబడదు. లోపలి బాధ ఎదుటివాడి దాకా నడిపిస్తేనే అది సాధన.

వేషం విప్పి, స్నానం చేసి వాళ్ళింటికి వెళ్ళాను. తప్పు నాదేనని గోండిలో చెప్పాను. పిల్లవాడు మాట్లాడలేదు. తల్లి మాత్రం, "సారు కొడితేనే గదా చదువొచ్చేది" అంది. నా జీవితంలో అంతకంటే పెద్ద దెబ్బ తినలేదు. ఆ నమ్మకం ఆమెకు మా బడే ఇచ్చింది.

బడి తెరిచాక బొమ్మ కింద రెండు మాటలూ రాశాం: ఏర్, నీళ్ళు. వాడు చాలా రోజులు చేతులు వెనక్కే పెట్టుకున్నాడు.

తోటి ఉపాధ్యాయులారా, దండారీ దీక్ష స్నానంతో ముగుస్తుంది. ఇది ముగియదు. బడిలో ఏ పిల్లవాడు చేతులు దాచుకుంటున్నాడో రోజూ చూడాలి. ఆ తర్వాత మన చేతిలో ఏముందో చూసుకోవాలి.