గురువు ఆఁకలి

దుష్టుఁడైన గురువు చేత నందిన జ్ఞానస్నానము చెల్లునా? నాల్గవ శతాబ్దమున ఉత్తరాఫ్రికా క్రైస్తవ సంఘమును చీల్చిన ప్రశ్నలలో నిది ప్రధానము. చెల్లదని డొనాటసు పక్షమువారనిరి. ఇచ్చువాఁడు క్రీస్తే, గురువు నిమిత్తమాత్రుఁడు, కావునఁ జెల్లునని అగస్టీను వాదించెను. 411లో కార్తేజి సభయందుఁ దీర్పు ఈ పక్షమునకే వచ్చెను. ఇది సంఘమునకు అభయమే. గురువు దీనిని తనకుఁగూడ అభయమని తలఁచుటయే ప్రమాదము. వడ్డించు గరిటెకు రుచి తెలియదందురు. గరిటెకు ఆఁకలియును లేదు, గురువునకుఁ గలదు.

ఇంగ్లండున కిడర్మినిస్టరు గురువు రిచర్డు బాక్‌స్టరు ఈ యాఁకలి నెఱిఁగినవాఁడు; మందకు ముందు మిమ్ము మీరు చూచుకొనుఁడని 1656లోఁ దోటి గురువులకు గ్రంథము వ్రాసెను. వారమునకు రెండు దినములు ఒక్కొక్క కుటుంబమునకు ముఖాముఖి బోధించెడివాఁడు. ఈ పద్ధతి సంఘముకంటె గురువునకే మేలని నా యభిప్రాయము. వేదికపైఁ గంఠస్థవాక్యము నడచును. బిడ్డను బోఁగొట్టుకొన్న తల్లి యెదుటఁ గూర్చుండి, "అయ్యగారూ, దేవుఁడిట్లేల చేసెను?" అని యడిగినపుడు నడవదు.