శారీ గార్డు

పెద్ద బండి నడపాలన్న కోరికలో స్వేచ్ఛ ఎంత, మగవాళ్ల దర్పాన్ని అరువు తెచ్చుకోవడం ఎంత? ముప్పై ఆరేళ్లకి గేర్ల బండి లైసెన్సుకి అర్జీ పెట్టినప్పటినించీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. "గేర్లు లేనిదానికి రాయించుకోండమ్మా, మీకది చాలు" అన్నాడు కౌంటర్లో ఆయన, దయగానే. ఆ దయే ఎక్కువ గుచ్చుకుంది.

పరీక్ష మామూలే. కాలు నేలకి ఆనకుండా ఎనిమిది అంకె మీద తిప్పి చూపించాను. అసలు చిక్కు బండి ఎంచుకోవడంలో వచ్చింది. క్లాసిక్ 350 బరువు 195 కిలోలు, సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. మునివేళ్లే నేలకి తగిలాయి. మీటియర్ సీటు 765. పాదాలు పూర్తిగా ఆనాయి, బరువులో పెద్ద తేడా లేదు. "క్లాసిక్ అయితేనే దర్జా" అన్నాడు షోరూం కుర్రాడు. ఎవరి కళ్లకి? నా కాళ్ల మాటే విన్నాను. అది రాజీ అని మొదట్లో అనుకున్నాను కూడా.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది, వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రాన్ని కనీసం సగం కప్పి ఉంచాలంటుంది. అందులో ఆడ, మగ ప్రసక్తి లేదు. శారీ గార్డు అని పేరు పెట్టుకున్నది మనమే. చీర చోటు వెనక సీటేనని అందరం ఒప్పేసుకున్నాం. కౌంటర్లో దయలాంటిదేనా ఇదీ?

"పీకించెయ్, బండి అందమే పోతోంది" అంది స్నేహితురాలు. స్పానరు కూడా తెచ్చింది. అమ్మ అప్పటికే పక్కకి తిరిగి వెనక ఎక్కి, కుచ్చిళ్లు సర్దుకుంటోంది. నా స్వేచ్ఛకి ఆమె చీరని పణం పెట్టనా? గార్డు ఉంచేశాను.