ఇతరుల వివరాలూ మన దగ్గర అమానతే

అమానతు అనగానే మనకు డబ్బు గుర్తుకొస్తుంది. పొరుగువాడు ఊరికి వెళ్తూ మన ఇంట్లో దాచిన నగలు గుర్తుకొస్తాయి. వాటిలో ఏ ఒక్కటి తగ్గినా మనకు నిద్ర పట్టదు. మరి అదే పొరుగువాడి ఆధార్ కాపీ, ఫోన్ నంబరు, అతని ఇంటి పరిస్థితి మన ఫోన్‌లో ఉంటే? అదీ అమానతే అన్న ఆలోచన మనలో ఎంతమందికి వస్తోంది?

మేము ఒక చిన్న సేవా కమిటీలో పనిచేస్తున్నాము. ఏటా రంజాన్‌కు ముందు పేద కుటుంబాల జాబితా తయారుచేస్తాము. పేరు, ఆధార్ నంబరు, సంపాదన, ఇంట్లో ఎవరికైనా జబ్బు ఉంటే ఆ సంగతి, అన్నీ రాసుకుంటాము. ఒక సంవత్సరం ఆ జాబితాను, సరుకులు అందుకుంటున్న వారి ఫోటోలను దాతల వాట్సాప్ గ్రూపులో పెట్టాము. లెక్క చూపించాలన్నదే మా ఉద్దేశ్యం. వారం తిరగకముందే ఒక వితంతువు మా దగ్గరకు వచ్చారు. “బేటా, మా అమ్మాయిని చూసుకోవడానికి రావలసిన వాళ్ళ ఫోన్‌లోకి నా ఫోటో వెళ్ళింది. బియ్యం ఇచ్చారు, సంతోషం. నా పరువు మాత్రం ఊరందరికీ పంచిపెట్టారు” అన్నారామె. మా దగ్గర జవాబు లేదు.

ఈ విషయంలో చట్టం ఏమంటోందో తెలుసుకోవాలని మాకు అప్పుడే అనిపించింది. తెలుసుకున్నకొద్దీ మా అజ్ఞానం ఎంతటిదో అర్థమయింది.

మన దేశంలో 2000లో సమాచార సాంకేతిక చట్టం వచ్చింది. సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని సంస్థలు ఎలా కాపాడాలో చెబుతూ 2011లో నియమాలు వచ్చాయి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు 18 నెలల తరువాత, అంటే 2027 మేలో అమలులోకి వచ్చేలా అప్పుడు గడువు పెట్టారు.

ఈ చట్టం ప్రకారం ఒకరి వివరాలు తీసుకునేటప్పుడు ఏమేమి తీసుకుంటున్నామో, ఎందుకు తీసుకుంటున్నామో వారికి సులువైన మాటల్లో చెప్పాలి. ఆ నోటీసును ఇంగ్లీషులో గానీ, తెలుగు, ఉర్దూలతో సహా రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లో ఏ భాషలో గానీ చదువుకునే వీలు వారికి ఉండాలి. సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా దాన్ని వెనక్కి తీసుకోగలగాలి. తప్పులు దిద్దమనే హక్కు, అవసరం తీరాక చెరిపేయమనే హక్కు వారికి ఉంటాయి. 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలకైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. తగిన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు.

ఈ సంగతులు చెప్పినప్పుడు మా మిత్రులే కొన్ని అభ్యంతరాలు చెప్పారు. వాటిని పరిశీలిద్దాం.

“ఇవన్నీ పెద్ద పెద్ద కంపెనీలకు కదా” అని కొందరన్నారు. ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాలకు దాచుకున్న వివరాలను చట్టం మినహాయించిన మాట నిజమే. కానీ ఒక కమిటీ ఊరివారి వివరాలు సేకరించడం ఇంటి అవసరం కాదు. వివరాలను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారిపైనే చట్టం బాధ్యత పెట్టింది. వ్యక్తుల సమూహాలు కూడా అందులోకి వస్తాయి.

“మా ఉద్దేశ్యం మంచిదే కదా” అని మరికొందరన్నారు. ఉద్దేశ్యం చాలా గొప్పదే. అయితే మంచి ఉద్దేశ్యంతో మందు ఇచ్చేవాడు ఆ మందు గురించి తెలుసుకోవాలా, వద్దా? ఇరవై ఏళ్ళ క్రితం చదివినదే చాలనుకునే వైద్యుని చేతిలో మన బిడ్డను పెడతామా? బాధ్యత తలకెత్తుకున్నవాడు దానికి సంబంధించిన జ్ఞానాన్ని కూడా తలకెత్తుకోవాలి. తెలియకపోవడం ఒక్కోసారి నిస్సహాయత. తెలుసుకునే వీలుండి కూడా తెలుసుకోకపోవడం నిర్లక్ష్యమే.

“గడువు తీరేదాకా ఆగుదాం, ఎలాగూ చట్టం మారుతూనే ఉంటుంది” అన్నది మూడో మాట. గడువు మన ఏర్పాట్లు సరిచేసుకోవడానికి ఇచ్చినది. ఈలోగా మరికొందరి పరువు తీయడానికి ఇచ్చిన సెలవు కాదది. చట్టం మారుతుంటుంది కాబట్టే అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండాలి. ఆరు నెలలకొకసారి కమిటీ సమావేశంలో ఒక అరగంట దీనికి కేటాయిస్తే సరిపోతుంది. ఒక యువకునికో, తెలిసిన వకీలుకో ఆ పని అప్పగించవచ్చు.

ఇక్కడ అసలు ప్రశ్న ఒకటుంది. చట్టం తెలుసుకుంటే చాలా? చాలదు. ఈ చట్టం డిజిటల్ రూపంలోని వివరాలకే వర్తిస్తుంది. కంప్యూటర్‌లోకి ఎక్కని కాగితం రిజిస్టరు దాని పరిధిలోకి రాదు. మరి ఆ రిజిస్టరు తెరిచి పదిమందికి చదివి వినిపిస్తే ఆ వితంతువు పడే బాధ ఏమైనా తగ్గుతుందా? ఇతరుల ఇళ్ళలోకి అనుమతి లేకుండా వెళ్ళరాదని, ఇతరుల రహస్యాలు కూపీ లాగరాదని దివ్యఖుర్ఆన్‌లోని నూర్, హుజురాత్ సూరాలు మనకు నేర్పాయి. ఒకరి బీరువాలోని కాగితమైనా, ఫోన్‌లోని ఫోటోయైనా వారి ఇంటి గడప లోపలిదే.

సమ్మతి విషయమూ అంతే. సరుకుల కోసం వరుసలో నిలబడిన స్త్రీని “ఫోటో తీయవచ్చా?” అని అడిగితే ఆమె వద్దనగలదా? వద్దంటే బియ్యం రావేమోనన్న భయం ఉన్నచోట ‘సరే’ అన్న మాట స్వేచ్ఛగా వచ్చినది కాదు. సమ్మతి స్వేచ్ఛగా, షరతులు లేకుండా ఉండాలని చట్టం చెబుతుంది. ఆమె కళ్ళలోని భయాన్ని చూడవలసింది మాత్రం మన అంతరాత్మే. అందుకే చట్టం నేర్చుకోవాలి, చట్టం దగ్గరే ఆగిపోకూడదు కూడా.

దాతలకు లెక్క చూపవద్దని మేము అనడం లేదు. ఎన్ని కుటుంబాలకు ఎంత ఖర్చయిందో తెలుసుకునే హక్కు వారికుంది. అందుకు ముఖాలు అక్కరలేదు, అంకెలు చాలు. పూర్తి జాబితా నమ్మకస్తులైన ఇద్దరి దగ్గర ఉంటే సరిపోతుంది. మేము ఆ పాత జాబితాను గ్రూపు నుంచి తీసేయించాము, ఫోటోలు తీయడం మానేశాము. ఆమె ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరాము. అప్పటికే ఎన్ని ఫోన్లలోకి వెళ్ళిందో ఆ ఫోటోను మాత్రం వెనక్కి తేలేకపోయాము.

పోయిన డబ్బును తిరిగి కట్టవచ్చు. బయటపడిన రహస్యాన్ని తిరిగి దాచలేము. కాబట్టి సోదర సోదరీమణులారా, ఈ రోజే మన ఫోన్లు, రిజిస్టర్లు ఒకసారి తెరిచి చూద్దాం. అవసరం తీరిన వివరాలను చెరిపేద్దాం, మిగిలిన వాటికి తాళం వేద్దాం. పేదవాని కడుపుతో పాటు అతని పరువును కూడా కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక!