తాళానికి తెలిసేదెంత?

2021 జనవరిలో లినక్స్ మింట్ వాడే ఒక తండ్రి ఓ వింత ఫిర్యాదు రాశాడు. తన పిల్లలు కంప్యూటర్ తాళం తీసేశారట. వాళ్లు చేసిందల్లా లాక్ పడిన తెరమీది కీబోర్డునూ, అసలు కీబోర్డునూ ఒకేసారి టపటపా బాదడమే. కాకతాళీయం అనుకున్నాడాయన. పిల్లలు రెండోసారీ చేసి చూపించారు. ఆరా తీస్తే, తెరమీది కీబోర్డులో నెత్తిన గీత ఉన్న ఒక రోమన్ అక్షరం నొక్కగానే ఆ ప్రోగ్రామ్ కూలిపోతోంది, పోతూ పోతూ లాక్‌నూ వెంటబెట్టుకు పోతోంది. అంతకుముందు, తెరను నడిపే ఎక్స్ సర్వర్‌లో వేరే భద్రతాలోపాన్ని సరిచేయబోతే ఇది పుట్టుకొచ్చింది!

ఆ ఎక్స్ సర్వర్ పాటించే ఎక్స్11 పద్ధతిలో స్క్రీన్ లాక్ అనేది తాళం కాదు, పరదా. తెరంతా కప్పేసి, కీబోర్డునూ మౌస్‌నూ గుప్పిట్లో పెట్టుకుని కూర్చునే ఒక మామూలు విండో. అది చచ్చిపోతే వెనకున్నదంతా బయటపడుతుంది. రైట్‌క్లిక్ మెనూ ఒకటి తెరిచి ఉంటే ఆ గుప్పిట ముందే మెనూ చేతిలో ఉంటుంది కాబట్టి లాక్ అసలు పడకపోవచ్చు. ల్యాప్‌టాప్ ఎందుకు లాక్ కావడం లేదని తలపట్టుకునేవాళ్లు ముందు చూడాల్సింది అదే. 1992లో ఎక్స్‌స్క్రీన్‌సేవర్ రాసిన జేమీ జవిన్‌స్కీ, లాక్ ప్రోగ్రామ్‌లోకి హంగులు చొప్పించొద్దని ఏళ్ల తరబడి మొత్తుకున్నాడు. విన్నవాళ్లు తక్కువ.

కాపలావాడే పడిపోతే తలుపు తెరుచుకోవాలా, మూసుకునే ఉండాలా? వచ్చినవాడెవరో తేల్చలేనప్పుడు సందేహం ఎవరి పక్షాన నిలవాలి? మంటలు లేస్తే ఆసుపత్రి తలుపు తెరుచుకోవాల్సిందే. స్క్రీన్ లాక్‌కు మాత్రం, ఎక్స్11 స్థానంలోకి వచ్చిన వేలాండ్ రెండో దారి పట్టింది. లాక్ ప్రోగ్రామ్ చచ్చినా డెస్క్‌టాప్ తెరుచుకోదు. స్వే అనే డెస్క్‌టాప్‌లో అయితే తెరంతా ఎర్రగా మారుతుంది. సొంతదారు కూడా బయటే. కేడీఈ డెస్క్‌టాప్ ఇలాంటప్పుడు కంట్రోల్, ఆల్ట్‌తో ఒక ఎఫ్ మీట నొక్కి వేరే టెర్మినల్‌లో లాగిన్ అయి, లాగిన్‌సీటీఎల్ అన్‌లాక్ ఆదేశం ఇమ్మని దారి చూపిస్తుంది. చికాకే, అయినా న్యాయమైన చికాకు.

సొంతదారంటే ఎవరన్నది మరో పేచీ. 1694లో జాన్ లాక్ (ఇంటిపేరు యాదృచ్ఛికమే) ఒక రాకుమారుడి ఆత్మ, జ్ఞాపకాలతో సహా, చెప్పులు కుట్టేవాడి ఒంట్లోకి వెళ్తే ఏమవుతుందని అడిగి, వ్యక్తిని నిలబెట్టేది జ్ఞాపకమేనన్నాడు. శంకరవిజయ కథల్లో శంకరులు అమరుక రాజు దేహంలో ప్రవేశిస్తారు. ఆ అంతఃపురంలో ల్యాప్‌టాప్ ఉంటే వేలిముద్ర రాజుకు చెల్లుతుంది, పాస్‌వర్డ్ శంకరులకు చెల్లుతుంది. ఇద్దరిలో ఎవరొచ్చారో యంత్రానికి తెలియదు. దానికి తెలిసింది వేలి గీతలూ, అక్షరాల వరసా, అంతే.

ఆ అక్షరాల వరసైనా మనం అనుకున్నదే చేరుతుందన్న నమ్మకం లేదు. తెలుగులో టైప్ చేస్తూ మధ్యలో లేచి వెళ్లినవారికి ఇది అనుభవమే. లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్‌లోనే ఉండిపోతే వేళ్లు సరైన మీటలే నొక్కుతాయి, చుక్కల చాటున తెలుగు అక్షరాలు పడతాయి, పాస్‌వర్డ్ తప్పంటుంది. మనిషి నిజమే చెబుతున్నాడు, వేరే భాషలో. పామ్ ఫెయిల్‌లాక్ అనే లాగిన్ భద్రతా మాడ్యూల్ వాడే లినక్స్‌లలో శిక్ష కూడా ఉంది. మామూలు అమరికలో 3 తప్పులు పడితే 10 నిమిషాల పాటు సరైన పాస్‌వర్డ్‌నూ తోసిపుచ్చుతుంది. అబద్ధాలాడాడని పేరుపడ్డవాడి నిజాన్ని కాసేపు నమ్మకపోవడం సబబేనా? దొంగ వరసగా ఊహిస్తూ పోకుండా ఆపడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు గనుక సబబేననాలి. రూట్ అధికారం ఉన్నవారు ఫెయిల్‌లాక్ రీసెట్ ఆదేశంతో ఆ లెక్కను చెరిపేయొచ్చు.

ఇక డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేయని ల్యాప్‌టాప్‌లో ఈ వాదనంతా పక్కకు పోతుంది. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసినవాడు ఫైళ్లను నేరుగా చదువుకుంటాడు, స్క్రీన్ లాక్ అతన్ని ఏమీ అడగదు.