దేవుడు మనకు ఏమవుతాడు?

అమ్మీ,

"నమ్మకం లేకుండా పూజలో కూర్చోవడం నటన కదా జేజీ" అని అడిగినావు. మీ నాయన కసురుకున్నాడు గానీ నాకు కోపం రాలేదు. అబద్ధానికి చేతులు జోడించనన్న నీ పట్టుదల నాకు నచ్చింది. ఫోనులో తెమిలే మాట కాదని రాస్తున్నా.

మన సీమలో దేవుడు ఉన్నాడా లేడా అనే దగ్గర మొదలుపెట్టరు. మనకు ఏమవుతాడు అనే దగ్గర మొదలుపెడతారు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి నల్లమల చెంచులకు అల్లుడు. దేవుని కడప వెంకటేశ్వరుడు ముస్లింల బిడ్డ బీబీ నాంచారిని చేసుకున్నాడు కాబట్టి, ఉగాది నాడు కడప ముస్లింలు ఆడబిడ్డ మెట్టినింటికి వచ్చినట్టు ఆ గుడికి వచ్చి టెంకాయ కొట్టిపోతారు. ఇవన్నీ నిజంగా జరిగినాయా అంటావు. పెండ్లి చూసినవాళ్ళు ఎవరూ లేరు. రాకపోకలు మాత్రం ఏటా అందరూ చూస్తున్నవే.

అహోబిలం పారువేట సంగతే తీసుకో. సంక్రాంతి పండగప్పుడు జ్వాలా నరసింహుడూ ప్రహ్లాదవరదుడూ ఒకే పల్లకిలో బయలుదేరి, 40 రోజులకు పైగా ఊరూరా తిరుగుతారు. ముప్పైకి పైగా ఊర్లు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడు జరిగే తన పెండ్లికి రమ్మని పిలిచేదానికే స్వామి అంత దూరం వస్తాడని పెద్దల మాట.

పల్లకి వస్తుందంటే మనింట్లో ముందునుంచే పని. గోడలకు సున్నం, బిడ్డలకూ అల్లుళ్ళకూ కబుర్లు. నేను రోలు దగ్గర బచ్చాలకు పూర్ణం రుబ్బుతుంటే, మీ జేజినాయన అరుగు మీద కూర్చొని ఎవరికి పిలుపు పోలేదో వేళ్ళు మడిచి లెక్కపెట్టేవాడు. ఆయన పెద్దగా మొక్కే మనిషి కాదు. అందరూ హారతి కళ్ళకద్దుకుంటుంటే పందిరి గుంజలు చూసుకునేవాడు. అయినా గట్టు తగాదాతో మాటల్లేని తమ్మునింటికి ప్రతి ఏడూ తానే పోయి పిలిచొచ్చేవాడు. "స్వామే ఇల్లిల్లూ తిరుగుతుంటే మనకేం పౌరుషం" అనేవాడు. ఆయనది నటన అంటావా?

భక్తి నిండుగా ఉన్నవాళ్ళకూ ఇంటింటి గడప తప్పలేదు. జమ్మలమడుగులో పుట్టిన వావిలికొలను సుబ్బారావు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పండితుడు. ఒంటిమిట్ట రామాలయం బాగుచేయాలని, అంతటి మనిషి టెంకాయ చిప్ప పట్టుకొని జనాన్ని అడుక్కున్నాడు. రాముని మీద ఎంత నమ్మకమున్నా, గుడి నిలబడింది నలుగురి చేతుల మీదుగానే.

అట్లని ఆచారాలన్నీ నెత్తిన పెట్టుకోమనడం లేదు. చుట్టరికం కలిపేదేది, తెంచేదేది అని చూసుకో. కులమనీ ముట్టనీ మనిషిని వాకిట్లో నిలబెట్టేది తెంచేదే. మీ జేజినాయన పోయినాక పసుపు కుంకాల దగ్గర నన్ను పక్కకు జరగమన్నవాళ్ళున్నారు. ఆ ఆచారం నాతోనే పోనీ.

బతుక్కు అర్థమేందని కూడా అడిగినావు. ఒంటిగా కూర్చొని ఆలోచిస్తే దొరుకుతుందని నాకు తోచదు. నువ్వు వస్తావని చూసేవాళ్ళు నలుగురు, నువ్వు పోయి పలకరించాల్సినవాళ్ళు నలుగురు ఉంటే, ఆ ప్రశ్న పీక్కుతినడం మానుతుంది. నమ్మకమంటావా, వస్తే వస్తుంది. రాకపోయినా నువ్వు ఈ ఇంటి బిడ్డవే.

పల్లకి మన ఊరికి వచ్చే తేదీ తెలియగానే చెప్తా, సెలవు పెట్టుకో. మొక్కబుద్ధి కాకుంటే మొక్కొద్దు. ఎవరేమన్నా నేను చూసుకుంటా. అయితే పిలుపులకు పోయే మనిషి ఇప్పుడు ఇంట్లో లేడు. ముందు మీ చిన్నజేజినాయన ఇంటికి నువ్వే పోవాల.

మీ జేజి