విత్తన వినిమయము – దాసోహ భావము

మాఘమాసంలో రథసప్తమి వెళ్ళినది మొదలు చైత్రంలో ఉగాది వచ్చు వరకు తెలుగునాట పెరటి తోటలకు ఒక సంధికాలం. చలికాలపు చిక్కుడు పాదు కాపు ఉడిగి, విత్తనానికై తీగ మీద విడిచిన కాయలు ఎండి గలగలలాడుతుంటాయి. పూత వెళ్ళిన చామంతి దుబ్బుల మొదళ్ళలో పిలకలు పుట్టుకొస్తాయి. బీర, సొర, పొట్ల, దోస విత్తనాలు వేసవి కాపుకై నేలలో పడవలసిన అదను కూడ అదే. ఆ రోజులలో ఒక ఇంటి విత్తనం వేరొక ఇంటికి నడచిపోవుట తరతరాల ఆచారం. బూడిద కలిపి కుండలో దాచిన బీర గింజలు పొరుగింటికి పోతాయి. పొరుగింటి చామంతి పిలక తడిగుడ్డ చుట్టుకొని ఈ ఇంటికి వస్తుంది. పల్లె పెరడులోనే కాక నేటి నగరాల మిద్దెతోటలలో సైతం ఈ ఆచారం కొనసాగుచున్నది.

ఇది చూచుటకు చిన్న విషయం. కాని ఇందులో ఒక ధర్మసూక్ష్మం ఇమిడి ఉన్నది. గింజలిచ్చి పిలక పుచ్చుకొనుట స్నేహమా, వ్యాపారమా? ప్రతిఫలం చేతికందిన పిదప ఇచ్చినది దాసోహమనిపించుకొనునా?

ఈ ప్రశ్నకు లోకంలో రెండు సమాధానాలు వినవస్తాయి. తిరిగి ఏమియు ఆశింపక ఇచ్చినదే ఈవి, బదులు పుచ్చుకొన్న క్షణముననే అది బేరమైపోయినదని కొందరంటారు. ఎల్లప్పుడు ఒకరే ఇచ్చుచు మరొకరే పుచ్చుకొనుచున్నచో ఇచ్చువానికి గర్వము, పుచ్చుకొనువానికి చిన్నతనము తప్పవు కనుక, ఇచ్చిపుచ్చుకొన్నప్పుడే స్నేహం నిలుచునని మరికొందరంటారు. రెండు వాదములలోను కొంత సత్యం లేకపోలేదు. అయితే శరణ ధర్మం ఈ రెండింటికంటె లోతుగా చూచినది.

పన్నెండవ శతాబ్దిలో కల్యాణ పట్టణంలో బసవేశ్వరుడు బోధించిన మార్గంలో కాయకము, దాసోహము జంట సూత్రాలు. తన చెమటతో సంపాదించుట కాయకం. అట్లు సంపాదించినదానిని తనదనక సమాజరూపుడైన జంగమునకు సమర్పించుట దాసోహం. దానమునకును దాసోహమునకును గల భేదం ఇక్కడనే ఉన్నది. దానంలో ఇచ్చు చేయి పైన, పుచ్చుకొను చేయి క్రింద. దాసోహంలో ఇచ్చువాడే దాసుడు. పుచ్చుకొనువాడు తనకు సేవాభాగ్యం కలిగించినాడని అతడు భావిస్తాడు. కాబట్టి ఇచ్చుటలోని శుద్ధి బదులు వచ్చినదా లేదా అన్నదానిపై ఆధారపడదు. ఇచ్చునప్పుడు చేయి ఎక్కడ నిలిచినది అన్నదానిపై ఆధారపడుతుంది.

తోటపనిలో ఈ కాయకం ఎట్టిదో విచారింపదగును. విత్తనం పట్టదలచిన గృహిణి తీగ మీది కాయలన్నిటిలోను బాగుగా ఎదిగిన కాయను కోయక విడిచిపెడుతుంది. కూరకు రుచియైన ఆ కాయను తాను తినక ముదరనిచ్చి, ఎండనిచ్చి, గింజలు తీసి ఆరబెట్టి దాస్తుంది. అనగా విత్తనంలో మొదటనే ఒక త్యాగం ఉన్నది. అట్టి గింజలను పొరుగువారికిచ్చుట తన శ్రమఫలాన్ని పంచుటయే. తాను వేసుకొనగా మిగిలిన తాలు గింజలను పొట్లం కట్టి ఇచ్చి ఔదార్యం ప్రకటించుకొనుటకు మాత్రం దాసోహమన్న పేరు చెల్లదు. తెగులు పట్టిన పిలకను ఆ మాట చెప్పక ఇచ్చుటయు అంతే. సంకరజాతి విత్తనం నుండి పట్టిన గింజలు తల్లి గుణాలతో నిలకడగా మొలవవు. ఆ సంగతి ముందుగా చెప్పి ఇచ్చుట స్నేహితుని ధర్మం. సత్యం లేని ఈవి పుచ్చుకొన్నవాని ఋతువు కాలాన్ని వృథా చేస్తుంది.

ఇచ్చువానికి నియమమున్నట్లే పుచ్చుకొనువానికిని నియమమున్నది. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ శరణ బంధువులెరిగినదే. రాలిన బియ్యపు గింజలు ఏరుకొని తెచ్చుట మారయ్య కాయకం. ఒకనాడు అతడు అవసరానికి మించి తెచ్చినప్పుడు, ఇది ఆశ చేత వచ్చినదని, తిరిగి ఇచ్చి రమ్మని లక్కమ్మ అతనిని మరలించినది. ఇచ్చువారు సంతోషముతో ఇచ్చినను, కావలసిన దానికి మించి పుచ్చుకొనరాదన్నది ఆ తల్లి చెప్పిన నీతి. రెండు పాదులకు చోటున్నవాడు ఇరువది రకాల విత్తనాలు పోగుచేసి డబ్బాలలో దాచుట ఈ నీతికి విరుద్ధం. విత్తనం బంగారం వంటిది కాదు. దాచినకొలది దాని ప్రాణం తరిగిపోతుంది. ఉల్లి విత్తనం ఏడాది రెండేళ్ళలోనే మొలకశక్తి చాలవరకు కోల్పోతుంది. దాచుకొన్నవానికిని దక్కక, అడిగినవానికిని అందక నశించిన విత్తనం లోభానికి మంచి దృష్టాంతం.

స్థావరం కంటె జంగమం మిన్న అన్న బసవ సిద్ధాంతం ఇక్కడ బోధపడుతుంది. కుండలో మూతపడిన విత్తనం స్థావరం. చేయి మారి, నేల మారి, ఏటేట మొలచు విత్తనం జంగమం. ఒక ఏడు వానదెబ్బకో చీడకో ఒక పెరటిలోని పాదు నశించినను, అంతకు ముందు నాలుగిళ్ళకు పంచిన విత్తనం ఏదో ఒక ఇంట బ్రతికి ఉంటుంది. ఇచ్చినవాడు తాను కోల్పోయినదానిని తాను ఇచ్చిన చోటనే తిరిగి కనుగొంటాడు. ఇది స్వార్థం కాదా అని ప్రశ్నింపవచ్చును. స్వార్థమైనచో అది తన ఒక్కనికే మేలు కోరవలెను. ఇక్కడ తన మేలు ఇతరుల మేలులో కలిసిపోయి విడదీయరానిదైనది. వ్యాపారంలో సరుకు, వెల చేతులు మారిన క్షణముననే లెక్క ముగుస్తుంది, సంబంధం కూడ ముగుస్తుంది. స్నేహంలో లెక్క ముగియదు. నేడు ఇచ్చిన గింజకు మరుసటి ఏడు మరొక రూపంలో బదులు రావచ్చును. ఇచ్చినవానికి కాక మూడవవానికి చేరవచ్చును.

ఇందుకు నేటి తెలంగాణలోనే ఒక నిదర్శనమున్నది. బసవకల్యాణమున్న బీదరు జిల్లాకు పొరుగున, సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు జొన్న, కొర్ర, సామ, కంది మొదలగు పాతపంటల విత్తనాలను ఊరూర కాపాడినవి. ఈ సంఘాలలో చాలమంది చిన్న కమతాల దళిత స్త్రీలు. సంఘం నుండి విత్తనం తీసుకొన్నవారు పంట వచ్చిన పిదప దానికి రెట్టింపు తెచ్చి సంఘం కుండలో పోయుట అక్కడి పద్ధతి. సంక్రాంతి నాడు మొదలగు పాతపంటల జాతరలో అలంకరించిన ఎడ్లబండ్ల మీద విత్తనాల బుట్టలు ఊరూర తిరుగుతాయి. ఈ సంస్థకు 2019లో ఈక్వేటర్ బహుమతి లభించినది. రెట్టింపు పుచ్చుకొనుట వడ్డీ కాదా? వడ్డీ అప్పిచ్చినవానిని బలపరుస్తుంది. ఇక్కడ అదనంగా పోసిన గింజలు ఏ ఒక్కరి సొత్తును కావు. ఇంకను విత్తనం అందని స్త్రీకి చేరవలసిన భాగమవి. బదులు ఎవరికి చేరుచున్నదన్న ప్రశ్నయే బేరాన్ని, దాసోహాన్ని వేరుచేయు గీటురాయి.

అయితే అసలు పరీక్ష ఇంకొకటి ఉన్నది. మార్పిడి సహజంగా సమానుల మధ్యనే సాగుతుంది. పెరడున్నవాడు పెరడున్నవానికి, తమవాడు తమవానికి ఇచ్చుకొంటారు. బదులిచ్చుటకు ఏమియు లేనివాని సంగతి ఏమి? అద్దె గది ముందు పగిలిన బకెట్టులో ఒక తులసి మొక్కను పెంచుకొను కూలివానికి ఈ స్నేహవలయంలో చోటున్నదా? వీధి ఊడ్చు స్త్రీ గోడ మీదుగా ప్రాకిన చిక్కుడు తీగను చూచి గింజలడిగినచో ఇచ్చు చేయి ఎంత తొందరగా కదలును? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పలేని స్నేహం ఎంత తీయనిదైనను గోడ లోపలి స్నేహమే. కల్యాణపు శరణులు ఈ గోడనే పడగొట్టినారు. అనుభవ మంటపంలో పడవ నడుపు అంబిగర చౌడయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, చెప్పులు కుట్టు హరళయ్య సరిసమానులుగా కూర్చున్నారు. బ్రాహ్మణ కులజుడైన మధువరసు హరళయ్యతో వియ్యమందినందుకు వారిరువురు ప్రాణములు అర్పింపవలసి వచ్చినది. వారు ఇచ్చిపుచ్చుకొన్నది బిడ్డలను. ఆ త్యాగాన్ని ప్రతి ఏట స్మరించువారు గుప్పెడు గింజలిచ్చుటకు కులము, అంతస్తు చూచినచో ఆ స్మరణకు అర్థముండదు. కాకి మెతుకు కనిపించినచో తన గుంపును పిలుచును. బసవేశ్వరుడు సైతం కాకిని, కోడిని దృష్టాంతంగా చూపినాడు. మనుష్యుని యందు ఆ గుంపు ఎంత పెద్దదన్నదే అతని ధర్మపు కొలత.

కాగా, సమానుల మధ్య మార్పిడి తప్పు కాదు. అది స్నేహానికి మొదటి మెట్టు. బదులివ్వలేనివానికి ఇచ్చుట రెండవ మెట్టు. అతడు కూడ మరుసటి ఏడు మరొకరికి ఇవ్వగలుగునట్లు చేయుట మూడవది. ఒక్కసారి కాయ ఇచ్చినచో అతని ఆకలి ఒకపూట తీరును. విత్తనమిచ్చి పట్టు విధానం నేర్పినచో పుచ్చుకొనువాడే ఇచ్చువాడగును. దాసోహానికి ఇంతకు మించిన ఫలం లేదు. రైతులు తమ విత్తనాన్ని దాచుకొనుటకు, విత్తుటకు, పరస్పరం పంచుకొనుటకు 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కూడ హక్కునిచ్చినది. చట్టమిచ్చిన హక్కును ధర్మంగా మలచుకొనుట సమాజం చేతిలోని పని.

ఉగాది వెళ్ళిన సుమారు నెలకు వైశాఖ శుద్ధ తదియ నాడు బసవ జయంతి వస్తుంది. అటుపిమ్మట మృగశిర కార్తె. జయంతి నాడు ప్రతి మఠంలోను ప్రసాద వితరణ జరుగుచునే ఉన్నది. ప్రతి ఇంటివారు తమ పెరటిలో పట్టిన గుప్పెడు మంచి విత్తనాలు ఆనాడు వెంట తెచ్చి, అడిగినవారి పేరు, కులము, బదులు అడుగక పంచినచో, తొలకరి నాటికి ఆ ప్రసాదం ఎన్నో వాకిళ్ళలో మొలకెత్తుతుంది.